క్రియాటినిన్ పెరిగేలోపే: కిడ్నీ తిరస్కరణను ముందుగా పసిగట్టడం ఎంతవరకు సాధ్యం?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు చెకప్‌కి వచ్చే రోజు పొద్దున్నే ల్యాబ్ కిటికీ ముందు ఒక చిన్న దృశ్యం కనిపిస్తుంది. వరుసలో కూర్చున్నవాళ్ల చొక్కా జేబులోనో చేతిసంచిలోనో టాక్రోలిమస్ క్యాప్సూల్ ఉంటుంది. వేళయినా వేసుకోరు. రాత్రి వేసుకున్న మోతాదులో పన్నెండు గంటల తర్వాత రక్తంలో ఎంత మిగిలిందో తెలియాలంటే పొద్దుటి మోతాదు పడకముందే రక్తం తీయాలి. సూది తీశాక మోచెయ్యి మడిచి దూదిని అదిమిపెట్టి, రెండో చేత్తో నీళ్ల సీసా అందుకుని అప్పుడు మింగుతారు. మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది. కిందటి నెల 0.9 ఉన్న క్రియాటినిన్ ఈసారి 1.2. ల్యాబ్ అచ్చువేసిన హద్దు 1.3 కాబట్టి ఆ అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. డాక్టరు మాత్రం పాత ఫైలు వెనక్కి తిప్పుతారు. లోకానికి అది నార్మల్. ఆ మనిషికి మాత్రం ఒక్క నెలలో మూడో వంతు పెరిగింది.

మార్పిడి కిడ్నీని శరీరం తిరస్కరిస్తోందా లేదా అన్నది తెలుసుకోవడానికి దశాబ్దాలుగా అందరూ ఆధారపడుతున్నది ఈ అంకె మీదే. దాని లోపం కూడా అందరికీ తెలిసిందే. క్రియాటినిన్ కండరాల్లో తయారయ్యే వ్యర్థం. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. కానీ కిడ్నీకి నిల్వ శక్తి ఎక్కువ. కొన్ని వడపోత గుచ్ఛాలు దెబ్బతిన్నా మిగిలినవి ఆ బరువును మోస్తాయి. అంకె కదిలేసరికి లోపల తెల్లకణాలు చొరబడి రోజులో వారాలో అయి ఉండవచ్చు. పైగా ఎందుకు కదిలిందో ఆ అంకె చెప్పదు. ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగినా, విరేచనాలైనా, మూత్రనాళం మూసుకుపోయినా, వైరస్ సోకినా, చివరికి తిరస్కరణను ఆపడానికి వేసుకునే టాక్రోలిమస్సే మోతాదు మించినా క్రియాటినిన్ పెరుగుతుంది. అసలేమీ కదలకుండానే లోపల తిరస్కరణ నడిచే సందర్భాలూ ఉన్నాయి. మార్పిడి తర్వాత మూడో నెలలోనో, ఆరో నెలలోనో, ఏడాదికో అంతా బాగున్నవాళ్లకు కూడా బయాప్సీ చేసే కేంద్రాలు కొన్ని ఉన్నాయి. ఆ బయాప్సీల్లో నిలకడైన క్రియాటినిన్ వెనక దాక్కున్న తిరస్కరణ బయటపడుతుంటుంది.

అందుకే క్రియాటినిన్ కంటే ముందు మాట్లాడే పరీక్ష కోసం ఇన్నేళ్లుగా వెతుకులాట. రక్తంలో దాత డీఎన్‌ఏ లెక్కించేవి, మూత్రంలో జన్యు సందేశాలు చదివేవి, కంప్యూటర్ నమూనాలు, ఇలా చాలా వచ్చాయి. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో విడదీసి చూడకపోతే రోగికి డబ్బు దండగ, డాక్టరుకు అయోమయం. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. కొత్త పరీక్షల హడావుడిలో పాత హెచ్చరికలు రెండు మరుగున పడుతున్నాయి. ఒకటి దాత మీద గురిపెట్టిన యాంటీబాడీ, రెండోది తప్పిన మాత్ర. తిరస్కరణను ఈ రెండింటి కంటే గట్టిగా ముందే చెప్పగలిగేది ఇప్పటికీ పెద్దగా లేదు.

చర్మం ముక్కతో మొదలైన జోస్యం

1954 డిసెంబరు 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. దీర్ఘకాలం నిలిచిన తొలి కిడ్నీ మార్పిడి అదే. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. అప్పటికి తిరస్కరణను అణిచే మందులు లేవు. అన్నదమ్ములిద్దరూ ఒకే అండం నుంచి పుట్టినవాళ్లేనని రూఢి చేసుకోవడమే శరణ్యం. అందుకోసం ఒకరి చర్మం ముక్కను ఇంకొకరికి అతికించి చూశారు. అది ఊడిపోకుండా అతుక్కుంది. తిరస్కరణ ఉంటుందా ఉండదా అని ముందే తేల్చడానికి చేసిన పరీక్షల్లో దానిది మొదటి వరుస.

కవలలు కానివాళ్లలో శరీరం దాత కణాలను ఎలా గుర్తుపడుతుంది? దాదాపు ప్రతి కణం పైనా ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్ల ద్వారా. వీటి జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద గుత్తిగా ఉంటాయి. తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒక గుత్తి వస్తాయి. అందువల్ల తల్లిదండ్రులతో బిడ్డకు సాధారణంగా సగమే పొత్తు. తోబుట్టువుల్లో నలుగురిలో ఒకరికి పూర్తి పొత్తు, ఇద్దరికి సగం పొత్తు కుదిరే అవకాశం ఉంది. నాలుగో వారికి ఏమీ కలవకపోవచ్చు. ఈ తేడాను పట్టుకుని దాడి రెండు దారుల్లో వస్తుంది. టి కణాలనే తెల్లకణాలు నేరుగా కిడ్నీ కణజాలంలోకి చొరబడటం ఒకటి. బి కణాల సంతతి తయారుచేసిన యాంటీబాడీలు కిడ్నీ సన్న రక్తనాళాల లోపలి పొరకు అంటుకుని మెల్లగా కాల్చడం రెండోది. మొదటిదానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చాలాసార్లు లొంగదీస్తాయి. రెండోదే మొండిది, ఏళ్ల తర్వాత కిడ్నీలు పోవడానికి ప్రధాన కారణం.

అరవై గుంటల పళ్లెం

ముందస్తు అంచనా అన్న మాటకు నిజమైన బలం వచ్చింది 1969లో. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో పాల్ టెరసాకి అంతకు ఐదేళ్ల ముందే ఒక పద్ధతి కనిపెట్టాడు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పళ్లెం, అందులో ఆవగింజంత గుంటలు. ఒక్కో గుంటలో రోగి సీరం చుక్క, దాత తెల్లకణాలు కొన్ని, వాటికి తోడు కుందేలు సీరం. రోగి రక్తంలో దాత మీద యాంటీబాడీ ఉంటే అది కణానికి పట్టుకుంటుంది, కుందేలు సీరంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఆ కణానికి చిల్లు పెడతాయి. రంగు వేస్తే చచ్చిన కణంలోకి చొరబడుతుంది, బతికిన కణం దాన్ని రానివ్వదు. మైక్రోస్కోపులో చూస్తే కొన్ని మెరుస్తూ ఉంటాయి, కొన్ని ఉబ్బి నల్లబడి ఉంటాయి. క్రాస్‌మ్యాచ్ అంటే అదే.

రామన్ పటేల్‌తో కలిసి టెరసాకి 225 మార్పిళ్ల లెక్క తీశాడు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చినా మార్పిడి చేసిన 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే పోయింది. నెగటివ్ వచ్చిన 195 మందిలో అలా పోయింది 8 మందికే. ఆపరేషన్ టేబుల్ మీదే గులాబీ రంగు కిడ్నీ కొన్ని నిమిషాల్లో నీలంగా మారి మెత్తబడిపోయే భయంకరమైన తిరస్కరణ దాదాపు కనుమరుగైంది ఈ పరీక్ష వల్లే. ఒక ల్యాబ్ పరీక్ష ఇంత స్పష్టంగా అవును, కాదు అని తేల్చిన సందర్భం ఈ రంగంలో ఆ తర్వాత మళ్లీ రాలేదని చెప్పవచ్చు.

మన ఇళ్లలో ఈ క్రాస్‌మ్యాచ్‌కి ప్రత్యేకమైన అర్థం ఉంది. భారతదేశంలో జరిగే మార్పిళ్లలో ఎక్కువ భాగం బతికున్న దాతలవే. 2023లో దేశంలో 13 వేలకు పైగా కిడ్నీ మార్పిళ్లు జరిగితే వాటిలో మరణించినవారి నుంచి వచ్చినవి రెండు వేలు కూడా లేవు. ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ: భార్య, తల్లి, అక్కాచెల్లెళ్లు. ఇక భార్యకు కిడ్నీ పోయి భర్త ఇస్తానన్నాడనుకుందాం. ఆమె ఆ భర్త పిల్లల్ని కన్నది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డలోని తండ్రి తాలూకు హెచ్‌ఎల్‌ఏ ఆమె రోగనిరోధక వ్యవస్థకు పరిచయమైంది. సరిగ్గా భర్త మీదే గురిపెట్టిన యాంటీబాడీలు ఆమె రక్తంలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండవచ్చు. బ్లడ్ గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అని వచ్చినప్పుడు ఆ దంపతులకు కారణం అర్థమయ్యేలా చెప్పాలి. ఆయన తప్పేమీ లేదు, ఆమె తప్పేమీ లేదు, ఆమె కన్న బిడ్డల జ్ఞాపకం అది. కాన్పులతో పాటు డయాలసిస్ రోజుల్లో ఎక్కించిన రక్తం, గతంలో జరిగిన మార్పిడి కూడా ఇలాంటి యాంటీబాడీలను పుట్టిస్తాయి. రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు వాడి రక్తం ఎక్కించడం తగ్గించమని నెఫ్రాలజిస్టులు పట్టుబట్టేది అందుకే.

ఇప్పుడు పళ్లెం గుంటల స్థానంలో రంగు పూసలు వచ్చాయి. ఒక్కో పూస మీద ఒక్కో హెచ్‌ఎల్‌ఏ అతికించి ఉంటుంది. రోగి సీరం కలిపి లేజరు కింద పెడితే ఏ పూసకు ఎంత యాంటీబాడీ అంటుకుందో వెలుగు తీవ్రతలో తెలుస్తుంది. ఎంఎఫ్‌ఐ అని రిపోర్టులో కనిపించే అంకె ఆ వెలుగే. ఇది కచ్చితమైన కొలత కాదన్నది గుర్తుంచుకోవాలి. రెండు ల్యాబుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు. అయినా దాత హెచ్‌ఎల్‌ఏ, రోగి యాంటీబాడీల జాబితా రెండూ చేతిలో ఉంటే కణాలు కలపకుండానే కాగితం మీద క్రాస్‌మ్యాచ్ చేసేయవచ్చు. మరణించినవారి అవయవాలను పంచే పథకం జీవన్‌దాన్. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా తెలంగాణలో నడిచే జీవన్‌దాన్‌లోగానీ, ఆంధ్రప్రదేశ్ జీవన్‌దాన్‌లోగానీ అర్ధరాత్రి ఒక కిడ్నీ వచ్చినప్పుడు ఐస్‌లో ఉన్న ఆ అవయవానికి ప్రతి గంటా విలువైనదే. జాబితాలో ఎదురుచూసేవాళ్ల యాంటీబాడీలు ముందే పరీక్షించి ఉంటే ఆ గంటలు మిగులుతాయి.

తప్పిన మాత్ర చెప్పే జోస్యం

మార్పిడి నాటికి లేని యాంటీబాడీ తర్వాత కొత్తగా పుట్టవచ్చు. కెనడాలోని విన్నిపెగ్‌లో క్రిస్ వీబ్, పీటర్ నికర్సన్ బృందం 315 మందిని ఏళ్ల తరబడి గమనించి 2012లో ప్రచురించిన ఫలితం చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. ఆ 315 మందిలో 47 మందికి, అంటే 15 శాతం మందికి, సగటున 4.6 ఏళ్ల దగ్గర దాత మీద కొత్త యాంటీబాడీలు పుట్టాయి. యాంటీబాడీ పుట్టనివాళ్లలో పదేళ్ల నాటికి 96 శాతం మంది కిడ్నీలు పనిచేస్తుంటే, పుట్టినవాళ్లలో 57 శాతమే. ఇంత తేడా చూపించే పరీక్ష ఇంకొకటి చెప్పడం కష్టం. ఎవరికి పుట్టాయి? దాతతో డీఆర్, డీక్యూ రకాల హెచ్‌ఎల్‌ఏ ఎక్కువగా కలవనివాళ్లకు, మందులు సరిగ్గా వేసుకోనివాళ్లకు.

మందులు వేసుకోకపోవడం అనగానే రోగిని తప్పుపట్టడం పరిపాటి. నిజానికి టాక్రోలిమస్ చాలా అలకల మందు. మోతాదు సరిగ్గా వేసుకున్నా రక్తంలో దాని స్థాయి అదుపు తప్పే కారణాలు మన వంటింట్లోనే, వీధి చివర మందుల షాపులోనే ఉన్నాయి. పంపరపనస తింటే పేగులో, కాలేయంలో ఈ మందును విరిచే ఎంజైము మూగబోయి స్థాయి ఎగబాకుతుంది. తామరకో నోటిపూతకో ఫ్లూకొనజోల్ వాడినా అంతే. విరేచనాలు పట్టుకుంటే తగ్గుతుందనుకుంటాం, తరచు పెరుగుతుంది. దీనికి ఎదురు దిశలో పనిచేసేది క్షయ మందు రిఫాంపిసిన్. అది మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే టాక్రోలిమస్ స్థాయి పాతాళానికి పడిపోతుంది. క్షయ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో, రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించుకున్న మనిషికి క్షయ రావడం అరుదేమీ కాదు. కిడ్నీ సంగతి తెలియని చోట మందు మొదలైతే నెల తిరిగేలోపు తిరస్కరణ మొదలుకావచ్చు. ఇక సీవైపీ3ఏ5 అనే జన్యువు పనిచేసే రూపంలో ఉన్నవాళ్లు మందును వేగంగా విరిచేస్తారు. వాళ్లకు మామూలు మోతాదుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. మనవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేమీ కాదు. ఒక్క రక్త పరీక్షతో జీవితకాలానికి సరిపడా తేలిపోయే సంగతి ఇది.

ఈ కారణాలన్నీ కలిసి ఒక్క చోట కనిపిస్తాయి: వరుసగా తీసిన టాక్రోలిమస్ లెవెల్స్‌లో. సగటు ఎంత అన్నదొక్కటే కాదు, ఒక లెవెల్‌కి ఇంకో లెవెల్‌కి మధ్య ఊగిసలాట ఎంత అన్నది కూడా చూడాలి. ఒకసారి 9, ఒకసారి 3.5, మరోసారి 12 వచ్చే మనిషి సగటు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 3.5 ఉన్న రోజుల్లో రోగనిరోధక వ్యవస్థ దాత కిడ్నీని గుర్తుపట్టే పని మొదలుపెడుతుంది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల కంటే స్థాయి కిందికి జారినవాళ్లలో కొత్త యాంటీబాడీలు పుట్టే అవకాశం ఎక్కువని విన్నిపెగ్ బృందమే తర్వాత చూపించింది. ఇలా ఊగిసలాడే లెవెల్స్ తర్వాతి ఏళ్లలో తిరస్కరణకు, కిడ్నీ పోవడానికి సూచికలని అనేక కేంద్రాల అనుభవం. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు. ఫైల్లో ఉన్న పాత కాగితాలను వరుసగా పేర్చి చూడటమే. ఈ వరుస చూడకుండా ఖరీదైన పరీక్షకు పరుగెత్తడం సరైన క్రమం కాదు.

న్యాయమూర్తి కూడా తడబడతాడు

ఏ పరీక్ష ఏం చెప్పినా చివరి తీర్పు బయాప్సీదే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొత్తికడుపు పక్కన అమర్చిన కిడ్నీలోకి సూది దింపి, దారప్పోగులాంటి ముక్క ఒకటో రెండో తీస్తారు. అందులో కనీసం పది వడపోత గుచ్ఛాలు, రెండు ధమనులు ఉంటేనే చదవడానికి సరిపోతుంది. కెనడాలోని బాన్ఫ్ అనే కొండపట్టణంలో 1991లో కిమ్ సోలెజ్, లొరెయిన్ రాకుసెన్ తదితరులు కూర్చుని ఈ ముక్కలను చదివే ఉమ్మడి పద్ధతి ఒకటి రాశారు. కొన్నేళ్లకోసారి దాన్ని సవరిస్తూ వస్తున్నారు. కణాలు ఎక్కడ ఎంత చేరాయో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసి తిరస్కరణ రకాన్ని నిర్ణయిస్తారు.

చిక్కేమిటంటే ఆ మార్కులు వేసేది మనుషులు. ఒకరు ఒకటి వేసిన చోట ఇంకొకరు రెండు వేస్తారు. నియమాలు పెరిగి పెరిగి అల్లుకుపోయాయి. 2023లో అలెక్సాండర్ లుపి బృందం ఆ నియమాలన్నిటినీ కంప్యూటర్‌కు ఎక్కించి వేల బయాప్సీ రిపోర్టులను మళ్లీ నడిపించింది. పెద్దవాళ్లలో యాంటీబాడీ తిరస్కరణ అని రాసిన 279 కేసుల్లో 83, టి కణాల తిరస్కరణ అని రాసిన 105 కేసుల్లో 57 మరో వర్గంలోకి మారాయి. ఈ సంగతి ముందస్తు పరీక్షలకు నేరుగా తగిలే దెబ్బ. ఏ కొత్త పరీక్షనైనా సానబెట్టేది బయాప్సీ తీర్పుతో పోల్చే కదా. ఆ తీర్పే అటూఇటూ అయితే పరీక్ష తప్పా, తీర్పు తప్పా అన్నది తేల్చడం కష్టం.

రక్తంలో దాత, మూత్రంలో సందేశం

1998లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం ఒక సంగతి బయటపెట్టింది. మగవారి నుంచి అవయవం పొందిన స్త్రీల రక్తంలో వై క్రోమోజోమ్ డీఎన్‌ఏ తేలుతోంది. అమర్చిన అవయవంలో చనిపోతున్న కణాలు తమ డీఎన్‌ఏను రక్తంలోకి వదులుతున్నాయన్నమాట. ఇప్పుడు ఆడ, మగ తేడాతో పనిలేదు. దాతకు, గ్రహీతకు మధ్య తేడా ఉండే వందల డీఎన్‌ఏ స్థానాలను చదివి, రక్తంలో తేలే మొత్తం డీఎన్‌ఏలో దాత వాటా ఎంత శాతమో లెక్కిస్తారు. ఆ డీఎన్‌ఏ గంటల్లోనే కరిగిపోతుంది కాబట్టి ఈ శాతం ఇవాళ్టి గాయాన్ని చూపిస్తుంది, కిందటి నెల గాయాన్ని కాదు. క్రియాటినిన్‌కు లేని గుణం ఇది.

2017లో వచ్చిన డార్ట్ అధ్యయనంలో 102 మంది రోగుల 107 బయాప్సీలతో దీన్ని సరిచూశారు. యాంటీబాడీ తిరస్కరణ ఉన్నవాళ్లలో దాత వాటా మధ్యస్థంగా 2.9 శాతం. ఏ తిరస్కరణా లేనివాళ్లలో 0.3 శాతం. బాగుంది. అయితే టి కణాల తిరస్కరణలో తేలికపాటి రకానికి మధ్యస్థం 0.2 శాతమే, అంటే మామూలువాళ్లలో కలిసిపోయింది. కణాలు చొరబడ్డాయి కానీ ఇంకా కిడ్నీ కణాలు చావడం లేదు, అందుకే డీఎన్‌ఏ రాలడం లేదు. 1 శాతాన్ని హద్దుగా పెట్టుకుంటే, హద్దు దాటినవాళ్లలో నిజంగా తిరస్కరణ ఉన్నది 61 శాతం మందికి. దాటనివాళ్లలో 84 శాతం మందికి తిరస్కరణ లేదు. అంటే ఈ పరీక్ష గాయాన్ని కొలుస్తుంది. గాయం చేసింది ఎవరో చెప్పదు.

మూత్రంతో చేసిన ప్రయత్నం ఇంకా లోతైనది. న్యూయార్క్‌లోని వెయిల్ కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన మాణిక్కం సుతంతిరన్ నాయకత్వంలో 485 మంది నుంచి మార్పిడి మూడో రోజు మొదలు ఏడాది వరకు 4,300 మూత్ర నమూనాలు సేకరించారు. మూత్రంలోకి జారిన కణాల్లో టి కణాల తాలూకు ఒక సందేశ ఆర్‌ఎన్‌ఏ, వాటిని పిలిచే ఐపీ-10 అనే సంకేతపు ఆర్‌ఎన్‌ఏ, వీటికి తోడు కొలబద్దగా రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ ఒకటి కలిపి ఒక సూచీ కట్టారు. 2013లో ప్రచురితమైన ఆ ఫలితంలో సూచీ తిరస్కరణ ఉన్నవాళ్లలో 79 శాతాన్ని పట్టింది, లేనివాళ్లలో 78 శాతాన్ని సరిగ్గా వదిలింది. అంతకంటే ముఖ్యంగా, బయాప్సీలో తేలడానికి దాదాపు మూడు వారాల ముందు నుంచే కొందరిలో సూచీ పైకి లేవడం కనిపించింది. ముందస్తు అన్న మాటకు తగిన ఫలితం అంటే ఇది.

ఆశ పెట్టి నీరుగార్చిన పరీక్షలూ ఉన్నాయి. రక్తంలో 17 జన్యువుల చురుకుదనాన్ని కొలిచే కేసార్ట్ అనే పరీక్ష 2014లో వచ్చినప్పుడు దాని సమర్థత 1కి 0.94 అని చెప్పారు. 0.5 వస్తే నాణెం ఎగరేసినట్టే. కొన్నేళ్లకు ఐరోపాలో స్వతంత్ర బృందం 1,763 రక్త నమూనాల మీద దాన్ని మళ్లీ పరీక్షిస్తే వచ్చింది 0.51. తేడా ఎందుకు? తొలి అధ్యయనాల్లో సాధారణంగా స్పష్టమైన తిరస్కరణ ఉన్నవాళ్లను ఒక గట్టున, పూర్తిగా బాగున్నవాళ్లను మరో గట్టున నిలబెట్టి పోలుస్తారు. రోజూ ఓపీలో కనిపించే రోగులు ఆ రెండు గట్ల మీదా ఉండరు, మధ్య నీళ్లలో ఉంటారు. కొంచెం ఇన్‌ఫెక్షన్, కొంచెం మందు విషప్రభావం, కొంచెం తిరస్కరణ. ఏ కొత్త పరీక్ష గురించి చదివినా దాన్ని ఎవరి మీద పరీక్షించారో ముందు చూడాలి.

వెయ్యి మంది లెక్క

నూటికి ఎనభై వంతులు సరిగ్గా చెప్పే పరీక్ష అంటే మంచిదే అనిపిస్తుంది. ఏ లక్షణాలూ లేని వెయ్యి మందికి దాన్ని చేద్దాం. వాళ్లలో 50 మందికి లోపల తిరస్కరణ నడుస్తోందనుకుందాం. ఎనభై శాతం చొప్పున 40 మందిని పట్టుకుంటుంది, 10 మందిని వదిలేస్తుంది. మిగిలిన 950 మందిలో 760 మందికి ఏమీ లేదని సరిగ్గా చెబుతుంది, 190 మందికి ఉత్తినే గంట మోగిస్తుంది. మొత్తం గంట మోగినవాళ్లు 230 మంది, వాళ్లలో నిజంగా తిరస్కరణ ఉన్నది 40 మందికి. ఆరుగురిలో ఒకరికి. అదే పరీక్ష లేదని చెప్పిన 770 మందిలో 760 మందికి నిజంగానే లేదు. దాదాపు 99 శాతం.

ఈ పరీక్షలను ఎలా వాడాలో ఈ లెక్కలోనే ఉంది. వీటి 'లేదు' నమ్మదగ్గది, 'ఉంది' అనుమానించదగ్గది. నిలకడగా ఉన్న మనిషికి ఊరికే బయాప్సీ చేయాలా వద్దా అన్న చోట 'లేదు' అన్న జవాబు ఒక సూది పోటును తప్పిస్తుంది. కానీ 'ఉంది' అన్న జవాబును పట్టుకుని బయాప్సీ లేకుండా స్టెరాయిడ్లు గుమ్మరించడం ప్రమాదం. యాంటీబాడీ ఉన్నవాళ్లు, లెవెల్స్ ఊగిసలాడేవాళ్లు, క్రియాటినిన్ మెల్లగా పాకుతున్నవాళ్లు, ఇలా ముందే అనుమానం ఉన్నవాళ్లలో చేస్తే అదే పరీక్ష విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ గుంపులో తిరస్కరణ ఐదు శాతం బదులు ముప్ఫై శాతం ఉంటే, గంట మోగిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి అది నిజమే.

ప్రమాదం అన్న మాట ఊరికే వాడింది కాదు. బీకే అనే వైరస్ చాలామంది ఒంట్లో చిన్నప్పటి నుంచీ ఉంటుంది, కిడ్నీలో నిద్రపోతుంది. తిరస్కరణను ఆపే మందులు బలంగా పడితే లేస్తుంది. అప్పుడు క్రియాటినిన్ పెరుగుతుంది, రక్తంలో దాత డీఎన్‌ఏ పెరగవచ్చు, బయాప్సీలో కూడా కణాలు చొరబడి తిరస్కరణలాగే కనిపిస్తుంది. కానీ చికిత్స తలకిందులు. తిరస్కరణకు మందులు పెంచాలి, బీకేకు తగ్గించాలి. ఒకదానికి ఇంకోదాని చికిత్స చేస్తే కిడ్నీ చేజారుతుంది. రక్తంలో బీకే వైరస్ లెక్క తెలియకుండా తిరస్కరణ అంచనా ఏదీ పూర్తి కాదు.

2023లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చిన ఫలితం ఇంకో ప్రశ్న వేసింది. మూత్రంలో ఐపీ-10 ప్రొటీన్‌ను క్రమం తప్పకుండా కొలిచి, పెరిగినవాళ్లకు బయాప్సీ చేసి, అవసరమైతే చికిత్స చేసిన గుంపును, అలా చేయని గుంపుతో పోల్చారు. ఏడాది తర్వాత రెండు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే తెలియడం వేరు, తెలిసినందువల్ల కిడ్నీ దక్కడం వేరు. పరీక్షలు అమ్మే సంస్థలు మొదటిదాని గురించే మాట్లాడతాయి. రోగికి కావాల్సింది రెండోది.

ఎన్నేళ్లు నిలుస్తుంది?

తిరస్కరణ ఉందా అని కాకుండా ఈ కిడ్నీ ఇంకెన్నేళ్లు నిలుస్తుంది అని అడిగితే జవాబు కాస్త గట్టిగా దొరుకుతోంది. లుపి బృందమే 2019లో ప్రచురించిన ఐబాక్స్ అనే లెక్క ఐరోపా, అమెరికాల్లోని పది కేంద్రాల 7,557 మంది వివరాల మీద నిలిచింది. వడపోత రేటు, మూత్రంలో ప్రొటీన్, దాత మీద యాంటీబాడీ, బయాప్సీలో మచ్చలు, వాపు, ఇలాంటి ఎనిమిది అంశాలు కలిపి మూడు, ఐదు, ఏడేళ్లలో కిడ్నీ పోయే అవకాశాన్ని చెబుతుంది. దీని సమర్థత 0.81. గమనించాల్సిందేమిటంటే ఆ ఎనిమిదిలో అంతరిక్ష పరిజ్ఞానం ఏదీ లేదు. యాంటీబాడీ పరీక్ష, బయాప్సీ తప్ప మిగిలినవి జిల్లా కేంద్రంలోని ల్యాబులో దొరికేవే.

మన రాష్ట్రాల్లో ఏది ముందు అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. దాత డీఎన్‌ఏ పరీక్షకు అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఒక్కోసారికి 2,800 డాలర్లకు పైగా చెల్లించింది. ఆ ధరలో ఏటా నాలుగైదుసార్లు చేయించుకోవడం ఇక్కడ ఎవరికి సాధ్యం? ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. మన దాతల్లో ఎక్కువమంది రక్తసంబంధీకులు. తల్లికి, బిడ్డకు డీఎన్‌ఏ సగం ఒకటే కాబట్టి ఇద్దరినీ వేరుచేసే స్థానాలు తక్కువ, లెక్కను అందుకు తగ్గట్టు సరిచేసుకోవాలి. మార్పిడి ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య పథకాలు భరిస్తున్నాయి. కానీ ఉద్దానం పల్లెల నుంచో పాలమూరు నుంచో వచ్చే మనిషికి అసలు పరీక్ష మూడో ఏట, ఐదో ఏట మొదలవుతుంది. అప్పటికి చెకప్‌లు పలచబడతాయి, బస్సు ఖర్చు, ఒక రోజు కూలి లెక్కలోకి వస్తాయి, బాగానే ఉన్నాం కదా అన్న ధీమా వస్తుంది. సరిగ్గా విన్నిపెగ్‌లో యాంటీబాడీలు పుట్టిన కాలం అదే. ఆ ఏళ్లలో టాక్రోలిమస్ లెవెల్, మూత్రంలో ప్రొటీన్, ఏడాదికోసారి దాత మీద యాంటీబాడీ, ఈ మూడింటినీ ఊరికి దగ్గర్లో ఉచితంగా చేయగలిగితే దక్కే కిడ్నీలు ఏ కొత్త పరీక్షతో దక్కేవాటికంటే ఎక్కువే ఉంటాయి.

యాంటీబాడీ తిరస్కరణను ముందే పట్టుకున్నా ఏం చేయాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ సరైన జవాబు లేదు. ప్లాస్మా మార్పిడి, ఇమ్యునోగ్లోబ్యులిన్, రిటుక్సిమాబ్, ఇవన్నీ లక్షల ఖర్చుతో అనిశ్చిత ఫలితాలే. 2024లో వియన్నా నుంచి జార్జ్ బోమిగ్ బృందం ఫెల్జర్టమాబ్ అనే మందు ఫలితాలు ప్రకటించింది. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద, దాడిలో పాలుపంచుకునే ఎన్‌కే అనే తెల్లకణాల మీద ఉండే సీడీ38 అనే ప్రొటీన్‌ను ఇది గురిపెడుతుంది. చిన్న పరీక్షే, మొత్తం 22 మంది. ఆరు నెలల బయాప్సీలో మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి తిరస్కరణ ఆనవాళ్లు పోయాయి. ఉత్తుత్తి మందు తీసుకుని బయాప్సీ చేయించుకున్న 10 మందిలో అలా జరిగింది ఇద్దరికే. దాత డీఎన్‌ఏ కూడా మందు పడినవాళ్లలో తగ్గింది. మందు ఆపాక కొందరిలో తిరస్కరణ తిరిగి వచ్చింది, కాబట్టి ఎంతకాలం ఇవ్వాలో ఇంకా తేలాలి. ఎక్కువమందితో మూడో దశ పరీక్ష నడుస్తోంది.